అమ్మ సవరం

జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అంటారు. జుట్టున్నవాళ్ళు దాన్ని ఎలా కాల్చుకుంటారో భీమవరంలో మా పార్లర్‌లో ఒక వారం కూర్చుంటే తెలుస్తుంది. మా వీధి చివర కాలేజీ బస్సు ఆగుతుంది. హాస్టల్ ఆడపిల్లలు పొద్దున్నే స్ట్రెయిటనర్ పెట్టి జుట్టంతా సాపుగా జార్చుకుని బస్సెక్కుతారు. మా ఊరు చుట్టూ చెరువులూ కాలువలూ, గాలి నిండా తేమ. మధ్యాహ్నానికి ఆ జుట్టు మళ్ళీ రేగిపోతుంది, సాయంత్రం మళ్ళీ మిషన్ పెడతారు. రెండేళ్ళయ్యాక, కొసలు చీపురు పుల్లల్లా అయిపోయాక, మెట్లెక్కి నా దగ్గరికి వస్తారు.

వాళ్ళకి నేను చెప్పే పాఠం ఒకటే. తడి తల మీద మిషన్ పెట్టొద్దు. ముందు వేడికి రక్షణగా ఉండే స్ప్రే కొట్టుకోవాలి. వేడి ఎంత తగ్గించి పెట్టుకుంటే అంత మంచిది, ఒక పాయ మీద ఒక్కసారే లాగాలి, వారానికి రెండుసార్లకి మించి మిషన్ ముట్టుకోకూడదు. అన్నిటికన్నా ముందు, తలలో నూనె ఉంటే మిషన్ ప్లగ్గు కూడా పెట్టొద్దు. కొబ్బరినూనె మంచిదే కదండీ, వేడి తగలకుండా కాపాడుతుంది కదండీ అని ఇక్కడ ప్రతి పిల్లా అడుగుతుంది. కొబ్బరిచెట్ల మధ్య పుట్టినవాళ్ళం, నూనె చెడు చేస్తుందంటే నమ్మలేం. బజ్జీ వేగేది కూడా నూనెలోనే కదమ్మా అంటాను. చెప్పేవాడికి వినేవాడు లోకువ, అందుకే కాస్త గట్టిగానే చెప్తాను.

ఆ పాఠం నేను ఒక్కసారే తప్పాను. అప్పుడు కాలిపోయింది మా అమ్మ జుట్టు. అప్పటికి అమ్మ పోయి రెండేళ్ళయింది.

మాది నరసాపురం దగ్గర పల్లె. అమ్మ లేసు అల్లేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దారపు ఉండ ఒళ్ళో వేసుకుని కూర్చుంటే, చీకటి పడేదాకా ఆమె వేళ్ళు ఆగేవి కావు. అమ్మ జుట్టు నడుము దాటి ఉండేది, పైనుంచి కిందిదాకా వంకీలు. పొద్దున్నే దువ్వుకున్నాక దువ్వెనకి వచ్చిన వెంట్రుకలని చూపుడువేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, పాలపొడి డబ్బాలో వేసేది. మా వీధిలో మిగతా ఆడవాళ్ళు అలాంటి ఉండలని సైకిలు మీద వచ్చే జుట్టు బేరగాడికి ఇచ్చి స్టీలు గిన్నెలు తీసుకునేవారు. నాకు ఆ గిన్నెల మీద ఆశ.

"మనమూ ఇద్దామే అమ్మా, గిన్నె వస్తాది" అంటే, "గిన్నెదేముంది, సొట్ట పోద్ది. ఇది ఎన్నాళ్ళైనా ఉంటాది" అనేది.

డబ్బా నిండాక ఆ ఉండలన్నీ విప్పి, లేసు సూదితో ఒక్కో వెంట్రుకా చిక్కు తీసింది. ఒక వేసవి సెలవులు మొత్తం అమ్మ చేసింది ఆ పనే. లేసు ఆర్డరు వచ్చినా పక్కన పెట్టేసింది. తీసిన వెంట్రుకలని మూడు పాయలుగా చేసి, పైన లేసు దారంతో పట్టీలా అల్లి బిగించింది. జడలో కలిపి అల్లుకునే సవరం అది. బజారులో దొరుకుతాయి గానీ, సొంత జుట్టుతో సవరం ఉన్న ఇల్లు మా వీధిలో మాదొక్కటే. "ఇద్దరు ఆడపిల్లలు. పెద్దదాని పెళ్ళికి పెట్టి, జాగ్రత్తగా విప్పి దాచి, చిన్నదానికి పెడతాను" అని అందరికీ చెప్పుకునేది.

నా పెళ్ళికి పెట్టింది కూడా. అప్పటికే ఆ సవరంలో అక్కడక్కడా తెల్ల వెంట్రుకలు ఉండేవి. అన్నేళ్ళ పాటు పోగుచేసిన జుట్టు కదా, చివర్లో రాలినవి నెరిసినవే. నాకు నామోషీగా అనిపించి, రంగేద్దామన్నాను. "రంగేస్తే నాది కాకుండా పోద్దే" అంది. తెల్లవాటిని లోపలికి సర్ది, పైన పూలు కట్టి, జడ వేసింది. పీటల మీద కూర్చున్నంతసేపూ నా వీపు మీద అమ్మ బరువు తెలుస్తూనే ఉంది. పెళ్ళయ్యాక సవరం తీసి, నూనె రాసి, మళ్ళీ డబ్బాలో పెట్టింది. మెంతులూ మందార పూలూ వేసి కాచిన కొబ్బరినూనె అది. ఆ తరవాత నెలకోసారి తీసి, దానికి నూనె రాసి, దువ్వి పెట్టేది. తల లేని జుట్టుకి తైలమేంటమ్మా అని నేను ఏడిపించేదాన్ని.

చెల్లికీ నాకూ తొమ్మిదేళ్ళ తేడా. అమ్మ వంకీలు నాకు రాలేదు, దానికే వచ్చాయి. ఇంజినీరింగ్‌లో చేరి భీమవరంలో మా ఇంటికి వచ్చి ఉన్నప్పుడు దాని జడ రెండు చేతులతో పట్టుకోవలసిన లావు. కాలేజీలో పిల్లలు నూడుల్స్ అని పేరు పెట్టారట. ఒక సాయంత్రం పార్లర్‌కి వచ్చి కుర్చీలో కూర్చుని ఏడ్చింది. దాని ఏడుపు చూడలేక నేనే మిషన్ తీశాను. గంటన్నర పట్టింది. అద్దంలో చూసుకుని అది నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నవ్వు కోసం చెల్లెలి తల మీద మొదటిసారి మిషన్ పెట్టింది నా చెయ్యే.

ఆ తరవాత దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. వారానికోసారి అన్నది రోజూ అయింది. అమ్మ శనివారం బస్సుకి వచ్చి, దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, మాడు తడిసేలా నూనె పెట్టి వెళ్ళేది. సోమవారం పొద్దున్న అది తల అంటుకోకుండానే ఆ నూనె మీద మిషన్ పెట్టేది. ఒకరోజు వంటింట్లో ఉన్న నాకు మాడు వాసన వచ్చి, పోపు మాడిందనుకున్నాను. గదిలోకి వెళ్ళి చూస్తే దాని జుట్టులోంచి పొగ.

"నూనె తల మీద మిషన్ పెడతావా? ఊరందరికీ చెప్తాను, నా ఇంట్లోనే ఇదా? నీకు చదువెందుకే?" అని అరిచాను.

"తలంటుకుంటే బస్సు పోద్ది అక్కా" అంది నెమ్మదిగా.

ఆఖరి ఏడాదికి దాని జుట్టు విరిగి విరిగి భుజాల దాకా వచ్చేసింది. వంకీలు కూడా పోయాయి, వేడికి అలవాటుపడి చచ్చినట్టు సాపుగా వేలాడేది. అమ్మ ఒక శనివారం ఆ జుట్టుని వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూసింది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. "పోన్లే, సవరం ఉందిగా. పెళ్ళినాటికి లోటు తెలీకుండా వేద్దాం" అంది.

ఆ ఏడు వానల్లో అమ్మకి జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాం, నాలుగో రోజు ఇంటికి తీసుకొచ్చేశాం. అంతకన్నా రాయడానికి నా వల్ల కాదు.

అమ్మ చీరలు పిన్నీ మేమూ పంచుకున్నాం. పాలపొడి డబ్బా నా దగ్గరికి వచ్చింది. మూత తీస్తే అమ్మే. కొబ్బరినూనె, మెంతులు, మందారం, వాటి అడుగున అమ్మ తల వాసన. చెల్లి బెంగపడ్డప్పుడల్లా ఆ డబ్బా తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకుని, మొహం అందులో దూర్చి కూర్చునేది. "దీనికి తల అంటకక్కా. నా పెళ్ళిదాకా ఇలాగే ఉంచు" అని మాట తీసుకుంది. నాకు మాత్రం కడగాలని ఎక్కడుంది? చీరలు ఒక్క ఉతుకుతో అమ్మని మర్చిపోయాయి. ఇంక ఆమె వాసన మిగిలింది ఈ మూడు పాయల్లోనే.

సంవత్సరీకం అయిన మరుసటి ఏడు చెల్లికి పెళ్ళి కుదిరింది. రామచంద్రపురం సంబంధం, మంచివాళ్ళు. మా పల్లెలోనే, నాన్న ఇంటి ముందు పందిరి వేశాం. పెళ్ళికి ముందురోజు మధ్యాహ్నం చెల్లిని కూర్చోబెట్టి, జడ ఒకసారి వేసి చూద్దామని సవరం కలిపాను. నిండా పూలజడ దానికి ఇష్టం లేదు. ఫోన్‌లో ఏదో ఫోటో చూపించి, పూల వరసల మధ్య జుట్టు కనిపించాలంది. తీరా వేస్తే, భుజాల దాకా సాపుగా ఉన్న చెల్లి జుట్టు, అక్కణ్ణుంచి కిందికి అమ్మ వంకీలు. అతుకు అతుకులాగే కనిపించింది.

"కనిపిస్తే కనిపించనీ అక్కా, అమ్మదే కదా" అంది చెల్లి.

అక్కడితో ఊరుకోవలసింది. కానీ నాకు పదమూడేళ్ళ పార్లర్ గర్వం. రేపు పందిట్లో అక్క పార్లర్ పెట్టి చెల్లెలి జడ ఇలా వేసిందేంటండీ అని ఎవరో ఒకరు అంటారని భయం. చెల్లి చేతులకి గోరింటాకు పెట్టించుకోవడానికి అవతలికి వెళ్ళింది. నేను సవరం పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళి, మిషన్ ప్లగ్గు పెట్టాను.

నూనె సంగతి నాకు తెలుసు. తెలియక చేశానని అబద్ధం చెప్పలేను. ముందు తల అంటాలి, పూర్తిగా ఆరాలి, ఆ తరవాతే వేడి. కడిగితే అమ్మ వాసన పోతుంది, చెల్లికిచ్చిన మాట పోతుంది. వేడి బాగా తగ్గించి పెడితే ఏమీ కాదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. నా దగ్గరికి వచ్చే ప్రతి పిల్లా చెప్పే మాటే అది. తగ్గించి పెడితే వంకీ కదల్లేదు. అమ్మ మొండితనం ఆ జుట్టుకీ ఉంది. కొంచెం పెంచాను. ఇంకొంచెం పెంచాను. సన్నగా చిటపటమంది, కాస్త పొగ వచ్చింది. నేను ఆపలేదు, ఎందుకంటే పాయ నల్లగా మెరుస్తూ, చెల్లి జుట్టులాగే సాపుగా జారింది. ఎంత బాగా వచ్చిందో అని మురిసిపోయాను కూడా. మూడు పాయలూ అలాగే లాగాను.

కాలిన సంగతి వేడి మీద తెలియదు. చల్లారాక తెలుస్తుంది. దువ్వెన పెట్టాను. జుట్టు దువ్వెనతో పాటే వచ్చేసింది. కోసిన గడ్డిలాగా ముక్కలు ముక్కలుగా నా ఒళ్ళో పడింది. రెండోసారి దువ్వడానికి ధైర్యం చాలక చేత్తో నిమిరితే, చేతికీ వచ్చింది. అమ్మ ఒక వేసవంతా సూదితో విడదీసిన జుట్టు పావుగంటలో పోయింది. మిగిలింది పట్టీ కింద జానెడు కూడా లేదు. అందులోనూ సగం ఒకదానికొకటి అంటుకుపోయింది. గది నిండా మాడు వాసన. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, అప్పుడు తోచింది నాకు. చెల్లి జుట్టునే నాలుగు వంకీలు తిప్పి ఉంటే సరిపోయేది. కడిగిన జుట్టు, స్ప్రే కొట్టిన జుట్టు, పది నిమిషాల పని.

ఏడవడానికి కూడా తీరిక లేదు. ఇంటి నిండా చుట్టాలు. కిటికీ తెరిచి, ముక్కలన్నీ ఏరి డబ్బాలో వేసి, మొహం కడుక్కుని నరసాపురం బజారుకి వెళ్ళాను. ఫ్యాన్సీ షాపులో సాపు జుట్టు సవరం ఒకటి కొన్నాను. అమ్మ అల్లిన లేసు పట్టీని విప్పి, దాని నెత్తిన బిగించి కుట్టాను. ఆ దారం నూనెకి పసుపుపచ్చగా మారి ఉంది. నాలుగు చుక్కల కొబ్బరినూనె కూడా రాశాను. ఎంత తెలివైనదాన్నో.

అతుకు తెలియకుండా వంకీలు సాపు చేశానని చెల్లికి చెప్పి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున్న జడ వేస్తుంటే అది చెయ్యి వెనక్కి చాపి పట్టీ తడిమింది. "అమ్మ ముడి" అంది. కళ్ళనిండా నీళ్ళు. కాటుక కారుతుందని కసిరాను.

"తెల్లవి కనపడట్లేదు కదక్కా?" అంది.

"లోపలికి సర్దాను" అన్నాను.

"నీ పెళ్ళికి అమ్మా అలాగే సర్దింది" అంది. అద్దంలో దాని కళ్ళు నన్నే చూస్తున్నాయి. నేను పిన్నులు వెతుకుతున్నట్టు కిందికి వంగాను.

నాన్న ఒక్కడే కాబట్టి కన్యాదానం పిన్నీ బాబాయీ పీటల మీద కూర్చుని చేశారు. నాన్న పందిరి గుంజ దగ్గర నిలబడ్డాడు. జడ ఎంత బాగుందో అని ముగ్గురు నలుగురు నాతో అన్నారు. నేను కోరుకున్న మాటే. పెళ్ళి జరుగుతున్నంతసేపూ చెల్లి చెయ్యి మాటిమాటికీ వీపు వైపు వెళ్ళి, జడని ఒకసారి తాకి, మళ్ళీ ఒళ్ళోకి వచ్చేది.

మర్నాడు అత్తవారింటికి బయలుదేరే ముందు జడ విప్పబోతే నన్ను వద్దంది. తనే విప్పుకుని, సవరాన్ని ఒళ్ళో పరుచుకుని, కిటికీ వెలుగులో పాయలు విడదీయడం మొదలుపెట్టింది. వెళ్ళేలోగా అమ్మ తెల్ల వెంట్రుకలు ఒకసారి చూసుకుంటానంది. మొదటి పాయ అంతా వెతికింది. రెండోది వెతికింది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మూడోది సగంలో ఉండగా చేతులు ఆగిపోయాయి.

"ఒక్కటీ లేదేంటక్కా?"

అప్పుడు చెప్పాను. నూనె, మిషన్, బజారు, పట్టీ, అన్నీ చెప్పాను. అయ్యాక "ఏదీ?" అంది. డబ్బా తెచ్చి ఇచ్చాను. మూత తీసి, ఎప్పట్లాగే మొహం దగ్గరికి తీసుకుంది. లోపల మాడు వాసన తప్ప ఏమీ లేదు. వెంటనే మూత పెట్టేసింది. బయట కారు హారన్ కొట్టారు.

"నీ పెళ్ళికి నువ్వు పెట్టుకున్నావు కదక్కా" అంది. ఆ ఒక్క మాట అని, లేచి వెళ్ళి కారెక్కింది. డబ్బా నా చేతుల్లో ఉండిపోయింది.

తరవాత ఎనిమిది నెలలు ఫోన్‌లో మాట్లాడేది, నాన్న మందుల గురించీ పండక్కి రాలేకపోవడం గురించీ. నేను క్షమించమని చాలాసార్లు అడిగాను. "దాందేముందిలే అక్కా" అనేది. కోపంగా తిట్టినా తట్టుకునేదాన్ని. పార్లర్‌లో మాత్రం నా పాఠం ఆగలేదు. మళ్ళీ మామూలుగా అవుతుందా ఆంటీ అని పిల్లలు అడుగుతారు. కాలింది బాగుపడదమ్మా, కత్తిరించుకోవాలి, కొత్తగా వచ్చేదాన్ని చూసుకోవాలి అంటాను. ఆ మాట అన్నప్పుడల్లా కాసేపు కత్తెర పక్కన పెట్టి, నీళ్ళు తాగి వస్తాను.

పోయిన నెల ఒక ఆదివారం చెల్లి చెప్పకుండా వచ్చింది. మిషన్ మానేసిందట. మాడు నుంచి బెత్తెడు మేర అమ్మ వంకీలు వచ్చాయి, కింద మాత్రం పాత కాలిన జుట్టు సాపుగా వేలాడుతోంది. "ఈ కింది జుట్టంతా తీసెయ్యి" అంది. తీసేశాను. చెవుల దాకా మిగిలింది. ఆ తరవాత అడగకుండానే వచ్చి నేల మీద, నా మోకాళ్ళ మధ్య కూర్చుంది. అమ్మ ముందు కూర్చునేది అలాగే. నేను నూనె గిన్నె తెచ్చుకున్నాను. మాడుకి నూనె పెడుతుంటే దాని మెడ మెల్లగా వాలింది.

దువ్వుతుంటే దువ్వెనకి నాలుగు వెంట్రుకలు వచ్చాయి. వంకీ తిరిగిన కొత్తవి. ఏ ఆలోచనా లేకుండానే నా చూపుడువేలికి చుట్టాను, ఉండ చేశాను. పక్క బల్ల మీద అమ్మ డబ్బా ఉంది. లోపలవి లోపలే ఉన్నాయి, పారెయ్యలేక అలాగే ఉంచాను. నా చెయ్యి ఆ డబ్బా వైపు వెళ్ళింది.

చెల్లి వెనక్కి తిరక్కుండానే అరచెయ్యి చాపింది.

"ఇలా ఇయ్యక్కా. ఇవి నీ దగ్గర వద్దు."

దాని గొంతులో కోపం లేదు. అమ్మ మమ్మల్ని పొయ్యి దగ్గర నుంచి జరగమన్నట్టు, మెత్తగానే అంది. నేను ఆ ఉండని దాని అరచేతిలో పెట్టాను. ఒక కాగితంలో పొట్లం కట్టి, హ్యాండ్‌బ్యాగ్ లోపలి అరలో పెట్టుకుని జిప్పు లాక్కుంది. కాఫీ తాగి, నాలుగింటి బస్సుకి వెళ్ళిపోయింది.